వాసన పుస్తకం

ఫారంలో రెండో ప్రశ్న దగ్గరే ఆగిపోయాం.
జబ్బు పేరు డాక్టరు నోట విన్నది ఎప్పుడు?
మూడేళ్ల నాలుగు నెలలైంది, అన్నాడు మా ఆయన.
అబద్ధం చేతకాని మనిషి.
మూడేళ్లు దాటితే ఈ ట్రయల్‌లోకి తీసుకోరట.
మోరాగ్ అనే ఆ నర్సు పెన్ను మూత పెట్టి
కాసేపు కిటికీలోంచి టే నది వైపు చూసింది.

వయసు సరిపోయింది. గుండె సరిపోయింది.
నెల్లిమర్ల జనపనార మిల్లులో నలిగిన బొటనవేలికి
అప్పట్లో వేసిన మేకుకి కూడా
స్కానింగు వాళ్లు సరేనన్నారు.
ఆ నాలుగు నెలలే.
"నానొద్దంట," అన్నాడు నాతో,
మిలటరీ సెలక్షన్లో ఛాతీ అంగుళం తగ్గిన కుర్రాడిలా.

అప్పుడు మోరాగ్ నా వైపు తిరిగింది.
మీకు వణుకు లేదు కదా? మీ అమ్మకి, నాన్నకి?
జబ్బు లేనివాళ్లు కూడా మాకు కావాలి,
పక్కన పెట్టి పోల్చుకోడానికి.
ముప్పై ఎనిమిదేళ్లుగా నా ఉద్యోగం అదేనమ్మా అని
నోటిదాకా వచ్చింది, మింగేశాను.

నా చేతికి ఒక వాసన పుస్తకం ఇచ్చింది.
పేజీకో గోధుమరంగు మచ్చ.
పెన్సిలు మొనతో గీకాలి, ముక్కు దగ్గర పెట్టుకోవాలి,
నాలుగు పేర్లలో ఒకదానికి టిక్కు పెట్టాలి.
నారింజ. సబ్బు. పొగ. ఇవి తెలుసు.
తర్వాత లికరిస్ అట. లైలాక్ అట. టర్పెంటైన్ అట.
ఏదో ఒకటి గీకి, ఏదో ఒకటి గీసి, పేజీ తిప్పాను.
కరివేపాకు నలిపి పెట్టండి,
ఇంగువ డబ్బా మూత తీసీ తియ్యకుండా పెట్టండి,
తడిసిన గోనె ఆరేటప్పటి వాసన పెట్టండి,
ఈ డండీ ఊరు కూడా ఒకప్పుడు నేసిందే కదా,
పక్క వీధిలోంచి చెప్తాను.

మార్కులు తక్కువొచ్చాయి.
వాసన తెలియకపోవడం, అంది మోరాగ్ గొంతు తగ్గించి,
కొందరిలో వణుకు కన్నా పదేళ్ల ముందే వస్తుంది.

నాకు మాడిన పప్పు గుర్తొచ్చింది.
హిల్‌టౌన్ ఫ్లాటు. నైట్ డ్యూటీ నుంచి వచ్చేసరికి
గది నిండా పొగ, గిన్నె అడుగున బొగ్గు,
స్టవ్వుకి నాలుగడుగుల దూరంలో
పేపరు చదువుకుంటూ ఈయన.
ముక్కు అమ్ముకున్నావా అన్నాను.
ఇంకా చాలా అన్నాను.
ఏం మాట్లాడకుండా గిన్నె నానబెట్టి
మూడ్రోజులు తోమాడు.

అయితే లెక్క ఎక్కణ్ణుంచి మొదలెట్టాలి?
డాక్టరు పేరు పెట్టిన గురువారం నుంచా,
ఆ గిన్నె నుంచా?
ఫారంలో దానికి గడి లేదు.

మోరాగ్‌కి లికరిస్ సంగతి చెప్పాను.
తప్పు ముక్కుది కాదు తల్లీ, పుస్తకానిది.
నవ్వలేదు. పక్కన ఏదో రాసుకుంది.
"మీవైపు వాళ్లెవరూ ఇంతవరకు రాలేదు," అంది.
ఎవరూ రాకపోతే పుస్తకానికి మాత్రం ఏం తెలుస్తుంది?
వేరే పరీక్షతో మళ్లీ పిలుస్తారట.

సంతకం పెట్టాను.
ఎప్పుడు కావాలంటే అప్పుడు మానుకోవచ్చట,
ఎందుకో చెప్పక్కర్లేదట.
ఇలాంటి ఒప్పందం మీద సంతకం పెట్టడం నాకిదే మొదలు.
సాక్షి గడిలో ఆయన పెట్టాడు, తెలుగులో.
పై పెద్దగానే వచ్చింది, డి సగమైంది,
రాజు ఎక్కడో చీమ కాళ్లలో కలిసిపోయాడు.

బస్సు దిగాక మూల కొట్లోకి వెళ్లి
ఏదో పొట్లం కొనుక్కొచ్చాడు. నల్లటి ముక్కలు.
ఒకటి తను నోట్లో వేసుకుని, తీపే, అన్నాడు.
ఒకటి నా ముక్కు కింద పెట్టాడు.
"సదువుకో."
చెయ్యి వణుకుతోంది.
వాసన వచ్చింది, పోయింది,
మళ్లీ వచ్చింది.